వద్దన్నయ్య

“ప్రమేయంలో ఏ అంకె వేసినా ఒకటే జవాబొస్తేనో?” అడిగింది చెల్లెలు, చొక్కాకి కాజా కుడుతూనే.

“దాన్ని స్థిర ప్రమేయం అంటారు,” అంది లెక్కల టీచరు. జాకెట్టుకి బిగుతైన చేతులు వదులు చేయించుకుందామని టైలరు కొట్టుకి వచ్చి, పనయ్యేలోగా పాఠం అందుకుందావిడ. “లోపలికి వేయదగినవన్నీ ప్రదేశం. బయటికొచ్చేవన్నీ వ్యాప్తి. ప్రదేశం ఎంత పెద్దదైనా సరే, దీని వ్యాప్తిలో ఉండేది ఒక్కటే.”

చెల్లెలికి నవ్వాగలేదు. “అయితే అచ్చం మా అన్నయ్యే.”

గుమ్మానికి అడ్డంగా వేసుకున్న మిషను మీద వంగి ఉన్న అన్నయ్య తలెత్తలేదు. ఆ టకటకలో గుసగుసలేం వినిపిస్తాయి? ఇల్లు కొట్టు వెనకే. బయటికి వెళ్లాలంటే ఆ మిషను పక్కనుంచే దారి. స్నేహితురాలి పెళ్లికి వెళ్లనా అంటే వద్దు. కంప్యూటరు నేర్చుకోనా అంటే వద్దు. వీధి చివరిదాకా నడిచొస్తానన్నా వద్దే. ఇరుగుపొరుగు అతనికి ‘వద్దన్నయ్య’ అని పేరు పెట్టేశారు. అడిగింది చెవిన వేసుకోడని, ఆ మాట నోటికి అలవాటైపోయిందంతేనని ఆమె నమ్మకం.

“మధ్యాహ్నం పరీక్షకి వస్తున్నావుగా?” టీచరు గొంతు తగ్గించింది. “ఇది గట్టెక్కితే కాలేజీలో సీటు, హాస్టలు. లేదంటే జన్మంతా ఈ కాజాలే.”

“ఇంకా అన్నయ్యని అడగలేదండీ.”

“అడిగితే వద్దంటాడుగా.”

“అననివ్వండి. ఏం వేసినా వద్దే వస్తుందని తెలిశాక, ఏం వేయాలో నాకు తెలీదా?”

టీచరు కాసేపు ఆలోచించి, ఫక్కున నవ్వింది. “గడుసుదానివే. అన్ని రకాలూ వేసి చూశావా మరి?”

“చిన్నప్పట్నుంచీ అదే పని కదండీ.”

టీచరు వెళ్లిపోయింది. చెల్లెలు నాలుగు మెతుకులు తిన్నాననిపించి, జడ బిగించి, సంచిలో పెన్నులు సర్దుకుంది. చెప్పులు కూడా వేసుకునే మిషను దగ్గరికి వచ్చింది. సంతోషంగా ఉంది. ఇన్నేళ్లూ తనని కట్టిపడేసిన మాటే ఇవాళ గుమ్మం దాటించబోతోంది. అన్నయ్య భుజం మీదుగా ఎండలో వీధి కనిపిస్తోంది.

“అన్నయ్యా, ఇవాళ్టి పరీక్ష మానేయనా?”

మిషను ఆగింది.

“సరే,” అన్నాడు అన్నయ్య.