దూకిన మనిషి ముఖం

గుండుకు పూసిన గంధం ఇంకా తడిగానే ఉంది. ఆ పెద్దామె మెట్లెక్కి నేరుగా స్టూడియోలోకి వచ్చింది.

"దర్శనం టికెట్లు ఈడ ఇయ్యరవ్వా," అన్నాడు స్టూడియో యజమాని అమర్‌నాథ్.

తిరుపతిలో గుండును ఎవరూ రెండోసారి చూడరు. అతను మొదటిసారి కూడా చూడలేదు.

"టికెట్టు కోసం రాలేదు. రైలు మీంచి దూకే బొమ్మ కోసం వచ్చినాను," అందామె.

కంప్యూటర్ ముందున్న మోహన చేతిలో మౌసు ఆగింది.

అలిపిరి రోడ్డులోని ఆ చిన్న స్టూడియో పని పాత సినిమాలను శుభ్రం చేయడం. ఇప్పుడు చేతిలో ఉన్నది యాభై ఏళ్ల నాటి గూఢచారి సినిమా. త్వరలో హెచ్.డి. డిస్కుగా రాబోతోంది. ఊరూరి టెంట్లలో ఆడీ ఆడీ ఆ రీళ్ల నిండా వాన కురిసినట్టు వానగీతలు పడ్డాయి. మోహన వాటిని ఓపిగ్గా తుడుస్తూ వచ్చింది. తుడిచేకొద్దీ బొమ్మ తేటపడింది. రైలు పెట్టె మీది తుప్పు కూడా కనబడింది.

దాంతోపాటు ఇంకొకటి బయటపడింది.

ఆ సినిమాలో గూఢచారి హీరోయినే. పరుగెత్తే రైలు మీంచి ఏట్లోకి దూకుతుంది. కానీ దూకింది హీరోయిన్ కాదు. అవే బట్టలు, అదే జడ. ముఖం మాత్రం వేరే ఆమెది. నల్లటి ముఖం, చెంపల మీద అమ్మవారు పోసిన మచ్చలు, బిగించిన పళ్లు. ఇన్నేళ్లూ వానగీతల చాటున ఎవరికీ కనబడలేదు.

ఆ ముఖం తీసేసి హీరోయిన్ ముఖం అతికించాలన్నది అమర్‌నాథ్ నిర్ణయం. తన ఛానల్లో గొప్పగా చెప్పేశాడు కూడా, మా డిస్కులో హీరోయినే దూకుతుంది చూడండి అని. కొండ మీద ఎవరి ఫోన్లోనో ఆ మాట విని ఈమె దిగి వచ్చిందట.

"ఆ ముఖం తియ్యాకు," అందామె.

అమర్‌నాథ్ ఇప్పుడు కుర్చీ తిప్పాడు. కింది నుంచి పైదాకా చూసి నవ్వాడు.

"ఓహో. దూకింది నువ్వేనా?"

"నా సంగతి ఎందుకు? ఆమె సంగతి మాట్లాడు. టైటిల్సులో పేరెయ్యలేదు. పోస్టరు మీద బొమ్మెయ్యలేదు. ముఖమన్నా ఉండనీ."

"ఆమె అంట, ఆమె. సిగ్గుపడతా ఉండావా అవ్వా?"

తర్వాత చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. డిస్కు కొనేవాళ్లకు తప్పు కనబడకూడదు. ఆ మచ్చల ముఖం చూస్తే ఎవరికైనా మత్తు దిగిపోతుంది. అదీగాక హీరోయిన్‌కు ఇది గౌరవం. ఆయమ్మ యాడున్నా సంతోషపడుతుంది.

"పడదు," అందామె.

"నీకు ఫోన్ చేసి చెప్పిందా ఏంది?"

ఆమె మోహన వైపు తిరిగింది.

"పాపా, ఒకసారి ఆడించు."

మోహన ఆడించింది. రైలు. గాలి. ఆ నల్లటి ముఖం. గీతలు లేని బొమ్మలో కళ్లు స్పష్టంగా కనబడ్డాయి. ఆ భయం నటన కాదు. అంత భయంతోనూ దూకింది.

పెద్దామె తెర మీది చెంపను వేలితో తాకింది.

"కట్ అనంగానే అందరూ చప్పట్లు కొట్టినారు, ఒడ్డున కుర్చీలో కూర్చున్నామెకు. ఈమె ఇంకా నీళ్లలోనే ఉండాది."

అమర్‌నాథ్ లేచి తలుపు బార్లా తీశాడు. పని చెడుతోంది, ఇక బస్సెక్కమన్నాడు. ఆమె బతిమాలలేదు. గడప దగ్గర ఆగి మాత్రం అంది:

"అతికించినావంటే ఆ దొంగతనం నీది నాయనా. దాంట్లోకి హీరోయిన్‌ను లాగాకు."

మెట్ల మీద అడుగుల చప్పుడు దూరమైంది.

"ఇంక కానియ్ మోహనా. హీరోయిన్ క్లోజప్ ఒకటి తీసుకో."

మోహన కదల్లేదు. బంగారుపాళ్యం పక్క పల్లె పిల్ల. ఈ పని పోతే మళ్లీ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకే. ఎదురు చెప్పడం ఎరగదు. టీలో చక్కెర వెయ్యడం మరిచిపోయినా అలాగే తాగేసే రకం.

"నేను చెయ్యనన్నా."

"ఏందీ?"

"గీతలు తుడవమంటే తుడుస్తా. మనిషిని తుడవను."

మౌసు పక్కకు నెట్టింది. మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ గుండామె మందేమన్నా పెట్టి పోయిందా అన్నాడు అమర్‌నాథ్. అట్లయితే సంచీ తీసుకుని లేవమన్నాడు. మోహన లేచింది. సంచీ భుజానికి వేసుకుంది. కానీ బయటికి పోలేదు. చేసేవాడు చేస్తుంటే చూసే మనిషి ఒకరుండాలని కుర్చీ వెనకే నిలబడింది.

అమర్‌నాథ్ ఆ కుర్చీలో కూర్చుని హీరోయిన్ క్లోజప్ వెతికి పట్టుకున్నాడు. పెద్ద కొప్పు, కొప్పు చుట్టూ మల్లెలు, నుదుటి మీద ముంగురులు. అతికించడానికి ముఖమొక్కటే కావాలి. విసురుగా జుట్టు చెరపడం మొదలుపెట్టాడు. మల్లెలు పోయాయి. కొప్పు పోయింది. చివరికి ముంగురులూ పోయాయి.

అతని చెయ్యి ఆగిపోయింది.

మోహన ఒక్క పరుగున కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూసింది. అలిపిరి రోడ్డు నిండా గుండ్లే. ఏది ఎవరిదో తెలియడం లేదు.

మోహన వెనక్కి తిరిగేసరికి, ఇందాక గడప దగ్గర నిలబడిన పెద్దామె, యాభై ఏళ్లు చిన్నదై, హీరోయిన్ క్లోజప్‌లోంచి అమర్‌నాథ్‌ను సూటిగా చూస్తోంది.