నలభై చాలు

"మూడొందల స్పీడ్ ప్లాన్ పెట్టండి," అంది అనూహ్య.

నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన శంకరయ్య ఆమె ముఖంలోకే చూస్తూ అడిగాడు.

"ఏం పనికి బిడ్డా?"

"ఉద్యోగం ఇంటర్వ్యూ అండీ. నెట్ కాల్‌లో మాట్లాడాలి. సెల్ డేటాతో మాట్లాడితే మధ్యలో మాట తెగి, మొన్న ఒకటి చేజారింది. రేపు నాలుగింటికి ఇంకోటి. ఇదీ పోతే ఇక అంతే."

"మాటకు నలభై మస్తు. స్పీడుదేముంది, తెగకుంట రావాలె. వైఫై వద్దు, వైరు గుంజి ల్యాప్‌టాప్‌కే పెడ్త."

అనూహ్యకు మనసొప్పలేదు. కిటికీ వైపు తిరిగి పరదా సర్దుతూ అంది.

"కొంపల్లిలో మా అక్కావాళ్లకి మూడొందలు ఉందండీ."

శంకరయ్య ఉలకలేదు, పలకలేదు. వంగి తన పని తాను చేసుకుపోతున్నాడు.

ఎంత పొగరో అనుకుంది.

వైరు బిగించి, "ఎవలకన్న కాల్ జెయ్యి," అన్నాడు.

అక్కకు చేసి, బాల్కనీ వైపు తిరిగింది.

"మొకం ఇటు పెట్టు బిడ్డా."

రెండడుగుల దూరంలో నిలబడి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

ఇంతలో అక్క మాట తెగింది. అనూహ్య నొసలు ముడిపడిందో లేదో, ఆయన వెళ్లి వైరు కొస కత్తిరించి మళ్లీ బిగించాడు. వచ్చి మళ్లీ అదే చూపు.

మూడోసారికి నవ్వాడు. "ఇగ తెగది."

ఆయన అటు వెళ్లగానే నెట్ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"పిలిస్తే పలకడు. పైగా ముఖంలోకి గుడ్లప్పగించి చూస్తాడు. ఆ మనిషిని ఇంకెప్పుడూ పంపకండి."

మర్నాడు నలభై నిమిషాల ఇంటర్వ్యూలో ఒక్క అక్షరం జారలేదు. వారానికి ఉద్యోగం వచ్చింది.

చేసిన పనికి సిగ్గేసింది. స్వీట్ల డబ్బా పట్టుకుని శామీర్‌పేటలోని ఆ ఆఫీసుకు వెళ్లి, తన పేరు చెప్పింది.

"శంకరయ్యగారు లేరా?"

"మీ ఫోన్ సంగతి జెప్పిన మేడం," అన్నాడు కౌంటర్లో ఉన్న భాస్కర్. "ఆడపిల్ల నన్ను జూసి బుగులు పడ్డదంటే ఇగ నేను ఇండ్లల్లకు పోనని, పనే ఇడిసిపెట్టి ఊరికి పోయిండు."

అనూహ్య డబ్బా కౌంటర్ మీద పెట్టి, సెల్ తీసింది.

"నంబరివ్వండి. ఇప్పుడే మాట్లాడతాను."

"ఫోన్‌ల ఎట్ల మాట్లాడ్తరు మేడం? ఆయనకు చెవులు పోయి ఆరేండ్లాయె. ఎవలేం చెప్పినా, మొకం జూసే ఇంటడు."