పాట సన్నగిల్లిన చోట

అమ్మ కాళ్ళ కింద బ్రేకు లేదు. అయినా తొక్కుతూనే ఉంది.

"అమ్మా, బండి నడుపుతున్నది నేను," అంది కూతురు. "డ్రైవింగ్ స్కూల్లో ఊరందరికీ నేర్పేదాన్ని. కాస్త నమ్ము."

"నిన్ను నమ్మకేం. ఎదురొచ్చేవాళ్ళని ఎవడు నమ్మాడు?"

సిగ్నల్ దగ్గర ఆగారు. అమ్మ చేతిసంచీ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"గ్యాస్ కట్టేశానంటావా?"

"నువ్వు చూశావు, నేను చూశాను, మెట్లు దిగినదానివి మళ్ళీ ఎక్కి చూశావు. ఇంక ఆ సిలిండరే విసుక్కుంటుంది."

అమ్మ నవ్వలేదు. "ఇవాళ కాకపోతే ఏం? షాపులో సెలవు కూడా చెప్పలేదు."

"నువ్వు లేకపోతే మందుల షాపు మూతపడదులే. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి ఎదురుచూస్తున్నాను నేను, ఈ రోజు కోసం."

ఆమె తండ్రి పాడిన 'కుదురు లేదు' పాట తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. కాలేజీ గోడ మీద ఆయన బొమ్మకి ఇప్పటికీ ఎవరో ఒకరు రంగులు వేస్తుంటారు. ఆ పాట రికార్డు చేసిన వారంలోనే, కచేరీకి వెళ్తుండగా బ్యాండు బస్సు బోల్తాపడింది. డ్రమ్మర్ కాలు విరిగి బయటపడ్డాడు. గాయకుడు దక్కలేదు. కూతురు ఆ తర్వాత పుట్టింది.

ఆ పాటకి ముగింపు లేదు. గిటార్ హోరెత్తుతుండగానే శబ్దం మెల్లమెల్లగా తగ్గిపోతుంది. ఆయన ఇంకా ఏదో పాడుతూనే ఉంటాడు, మనకే వినపడదు. ఆ తర్వాత ఏం పాడాడని అభిమానులు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటారు.

కూతురికి మాత్రం తెలుసు. అన్నం తిననని మారాం చేసే వయసు నుంచీ అమ్మ చెబుతున్నదే. "మీ నాన్న నా పొట్ట మీద చెయ్యి పెట్టి పిచ్చుకా అని పిలిచేవాడే నిన్ను. పాట చివర కూడా అలాగే పిలిచాడు. వాళ్ళే తగ్గించేశారు."

ఇప్పటికీ ఇంట్లో ఆమె పిచ్చుకే. మొన్నామధ్య ఎవరో ఇంటర్వ్యూ చేస్తే ఈ సంగతి చెప్పింది. కింద కామెంట్లు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కట్టుకథ అన్నారు. చచ్చినవాడి పేరు చెప్పుకుని బతుకుతోందన్నారు. అంతలోనే స్టూడియో పాత గదిలో అసలు టేపు దొరికింది. అందులో తగ్గించడాలు లేవు. ఆయన పాడినంతా ఉంది.

"ఒకవేళ అందులో నీ పేరు లేకపోతే?" అంది అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ.

పిచ్చుక గేరు మార్చింది. "లేకపోతే మా నాన్న నన్ను ఒక్కసారి కూడా పిలవలేదన్నమాట. అంతేగా."

అమ్మ కాలు మళ్ళీ లేని బ్రేకు మీదికి పోయింది.

స్టూడియో గుమ్మంలో డ్రమ్మర్ నిలబడి ఉన్నాడు. పిచ్చుకకి సైకిల్ నేర్పిందీ, జ్వరమొస్తే కుంటికాలితోనే ఆసుపత్రికి మోసిందీ ఆయనే. టేపు దొరికిందన్న కబురు రాగానే ముందుగా వచ్చి, బూజు తుడిపించి, రికార్డిస్టు పక్కన కూర్చుని బాగుచేయించిందీ ఆయనే.

"ఏంటి బాబాయ్, గొంతు తుప్పుపట్టిన గేటులా ఉంది?"

"చల్లనీళ్ళు పడలేదే."

"పర్లేదులే. ఇవాళ నాన్న వెనకాల నువ్వు గొంతు కలపక్కర్లేదు."

పిచ్చుక లోపలికి పరుగెత్తింది. అమ్మ ఆయన్ని పక్కకి లాగింది.

"టేపు తెగిపోయిందని చెప్పెయ్యి బాబూ."

"తెగలేదు వదినా."

"పిల్ల తట్టుకోలేదు."

"తట్టుకుంటుంది. ముందు మీరు కూర్చోండి. మీరలా తిరుగుతుంటే నా కళ్ళు తిరుగుతున్నాయి."

లోపల చిన్న గది. గోడలకి మందపాటి స్పాంజి. రికార్డిస్టు ముసలాయన కళ్ళజోడు సర్దుకుని టేపు వేశాడు. చక్రాలు తిరిగాయి.

పాట మొదలైంది. అమ్మ కొంగు కొస వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. చివరి చరణం వచ్చింది. పోయింది. ప్రతిసారీ శబ్దం తగ్గిపోయే చోటు వచ్చింది. ఈసారి తగ్గలేదు. గిటార్ అలాగే మోగుతోంది. డ్రమ్ములు అలాగే దబదబలాడుతున్నాయి. అంత హోరులో మాట ఏదీ తెలియడం లేదు.

అమ్మ లేచి నిలబడింది. "ఇంక చాలండీ, కట్టెయ్యండి."

"ఉండమ్మా," అంది పిచ్చుక.

వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగాయి. ఒక చిన్న నవ్వు. తర్వాత అలసిన గొంతు, మైకుకి బాగా దగ్గరగా.

"పిచ్చుకా... వస్తున్నావా?"

టేపు చివర టపటపా కొట్టుకుంది.

పిచ్చుక మోకాళ్ళ మీదికి వంగిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అన్నాడమ్మా. విన్నావా, అన్నాడు."

"విన్నానే," అంది అమ్మ.

"బయటికి ఇచ్చేది పాత పాటేనమ్మా," అన్నాడు రికార్డిస్టు, ఎవరివైపూ చూడకుండా. "ఈ చివర మీ ఇంట్లోవాళ్ళకి మాత్రమే."

అమ్మ మెల్లగా డ్రమ్మర్ వైపు తిరిగింది. ఆయన వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. కట్టింది విప్పి మళ్ళీ కడుతున్నాడు. తల ఎత్తడం లేదు.

భర్త పోయేనాటికి తను కడుపుతో ఉన్నానన్న సంగతి ఆవిడకే తెలియదు.