మందులు కాని బిళ్ళలు

"బాబాయ్ మందులేమన్నా వాడుతున్నాడా పిన్నీ?" నరసరావుపేట స్కానింగ్ సెంటర్లో సూది పట్టుకుని అడిగింది నర్సు అర్చన. "స్కాన్లో లోపల తేటగా కనపడటానికిచ్చే ఈ కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కిడ్నీల మీద పడుద్ది."

"క్వారీలో రాయి కొట్టే మనిషికి మందులేంది తల్లీ!" అంది బుజ్జమ్మ.

బల్ల మీద ఆమె భర్త పోలయ్య ఎండిన పెదాలు తడుపుకున్నాడు. పరగడుపున రమ్మన్నారని నిన్న సాయంత్రం నుంచి ఆమె అతన్ని నీళ్ళు కూడా ముట్టనివ్వలేదు.

"ఏమే, నడుము లాగేస్తంది. బిళ్ళియ్యి."

బుజ్జమ్మ కొంగుముడి విప్పి బిళ్ళ తీసింది. అర్చన సూది పక్కన పెట్టేసింది.

"ఇవి రోజుకెన్ని?"

"నాలుగు. క్వారీలో అందరూ టీతో మింగేవే. నొప్పిబిళ్ళలు మందులేంది?"

"వీటికే కిడ్నీలు దెబ్బతింటాయి పిన్నీ. ఒంట్లో నీళ్ళు కూడా లేకుండా ఇంజెక్షనిస్తే ఒక్కోసారి పనే మానేస్తాయి. ఇవాళ స్కాన్ వద్దు. బిళ్ళలాపి, నీళ్ళు తాగించి, రక్తపరీక్ష చేశాక డాక్టరుగారినడిగి చూద్దాం."

పోలయ్య గుక్క తిప్పుకోకుండా సీసాడు నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు.

"పోయినేడు స్కానింగ్ అయ్యాకే గదే, మా తమ్ముడు ఉచ్చ బందయ్యి చనిపోయింది. వాడు గూడా ఇవే మింగేవాడు" అన్నాడు మెల్లగా. "ఆ రోజు వాడితో వచ్చింది నువ్వేగా. నర్సు ఈ మాట అడగలేదా?"

అడిగింది. రెండుసార్లు అడిగింది.

బుజ్జమ్మ ఖాళీ సీసాకు బిగుసుకున్న మూతను ఇంకా తిప్పుతూనే ఉంది.