ఉన్నదున్నట్టు

మర్యమ్‌కు రేపు ఆపరేషన్ చేస్తారా, చేయరా? పొద్దుటి నుంచీ సిస్టర్ స్వర్ణలతకు అదే గుబులు.

పదకొండేళ్ల పిల్ల. సూడాన్‌లో ఎక్కడో మారుమూల ఊరు. గుండె కవాటం పాడైతే, తల్లి హవా ఉన్న మేకలన్నీ అమ్ముకుని సికింద్రాబాద్ దాకా తీసుకొచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా ఆ పిల్ల వార్డంతా నవ్వుతూనే ఉంటుంది. సూది గుచ్చినా కిమ్మనదు.

భయపడిందల్లా ఇద్రీస్‌ను చూసే. వచ్చిన రోజే అతను కనబడగానే తల్లి వెనక్కి నక్కింది.

"ఏంది భాయ్, మీ దేశం పిల్లనే నిన్ను జూసి గిట్ల జడుసుకున్నది!" అని స్వర్ణలత ఆటపట్టించింది. అతను నవ్వలేదు.

ఇద్రీస్ ఆసుపత్రిలో దుబాసీ. అరబ్బీ మాట్లాడే రోగులకూ డాక్టర్లకూ మధ్య మాట చేరవేస్తాడు. యూరప్ పోదామని బయల్దేరి, ఏజెంటు ముంచేస్తే ఇక్కడ తేలాడట. కార్ఖానా బస్తీలో ఓ గది. తెలుగు కూడా అచ్చం కార్ఖానా తెలుగే. అంతకు మించి తన సంగతులు ఎవరికీ చెప్పడు.

మిగతా దుబాసీలు చెడ్డ కబురుకు కాస్త చక్కెర అద్దుతారు. ఇద్రీస్‌కు ఆ అలవాటు లేదు. డాక్టరు విసుక్కున్నా, రోగి తిట్టినా, ఉన్నదున్నట్టు అప్పజెప్పేస్తాడు. ఒక్క ముక్క మింగడు.

హవా మాత్రం అతని మొహం చూసి మాట్లాడదు. చూపు నేల మీదే. వాళ్ల ఆచారమేమోలే అనుకుంది స్వర్ణలత.

మధ్యాహ్నం డాక్టర్ రాజేందర్ స్కాన్ చూసి, తల్లిని గదిలోకి పిలిపించాడు. స్వర్ణలత, ఇద్రీస్ కూడా వెంట వెళ్లారు.

"గుండె మొత్తం అలిసిపోయింది. ఆపరేషన్ చేస్తే టేబుల్ మీదనే పోతది. నేను చెయ్యలేను. మందులతోని ఎన్ని దినాలు నడిస్తే అన్ని దినాలు. చెప్పు ఆమెకు."

ఇద్రీస్ చెప్పాడు. హవా తలమీది గుడ్డ కొసను నోట్లో కుక్కుకుంది.

రాజేందర్ ఉండబట్టలేకపోయాడు. "నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ పడుంటే ఇంత దూరం వచ్చేదే కాదు. ఎందుకు వేయించలేదో అడుగు."

హవా నేలను చూస్తూ చెప్పింది. ఇద్రీస్ ఆ మాటలనే తెలుగులో పెట్టాడు.

"వేయించిన సార్. మా ఊరి దవాఖానల ఒక్కడే డాక్టర్. ఆయనే వేసేటోడు. ఒకరోజు దేశం ఇడిసి పోయిండు. ఎనకనే నర్సులు సుత పోయిన్రు. దవాఖానకు తాళం పడ్డది. మళ్ల ఎవ్వరు రాలే."

"వాడు డాక్టరా, కసాయోడా?" రాజేందర్ బల్ల గుద్దాడు. "ఇంత మంది ప్రాణాలు గాలికొదిలేసి పోతడా? ఈ పిల్లను చంపేది రోగం కాదు, వాడే. ఇది సుత చెప్పు."

"వద్దు సార్, అసలే తక్లీఫ్‌ల ఉన్నది. గీ మాటలెందుకు గామెకు!" స్వర్ణలత అడ్డుపడింది.

ఇద్రీస్ అప్పటికే మొదలుపెట్టాడు. ఒక్క ముక్క మింగలేదు. స్వర్ణలతకు ఒళ్లు మండిపోయింది. ఛీ, మనిషా, బండరాయా!

హవా తలెత్తి మెల్లగా ఏదో అంది. ఈసారి ఇద్రీస్ గోడ వైపు తిరిగాడు.

"ఏమంటుంది?" రాజేందర్ అడిగాడు.

"అన్నీ చెప్తివి గదా భాయ్, ఇది సుత చెప్పు," స్వర్ణలత గద్దించింది.

ఇద్రీస్ గోడను చూస్తూనే చెప్పాడు.

"డాక్టర్ సాబ్, ఆ దినం పొద్దుగూకే దాకా బెంచీ మీద నీ కోసమే కూసున్నం. పోతున్ననని ఒక్క మాట చెప్తే, నా బిడ్డను ఇంకేడికన్న తీస్కపోయేదాన్ని గదా."

రాజేందర్ తెల్లబోయాడు. "ఏ బెంచీ? నేనెప్పుడు కూసోబెట్టిన? నన్నెందుకు అంటుంది?"

"మిమ్మల్ని గాదు సార్," అన్నాడు ఇద్రీస్, "నన్ను."