ఎవరూ ఎక్కని కొండ

"ఈ ఆదివారం మీ కొండకి నేనూ వస్తానండీ," అంది భార్య.

దర్జీ చేతిలో కత్తెర గుడ్డ మధ్యలోనే ఆగిపోయింది.

వారానికోసారైనా కొండెక్కి తీరాలని డాక్టరు అన్నప్పుడు అతను బాగా ఆలోచించే ఈ కొండను ఎంచుకున్నాడు. జనమంతా రోప్‌వే ఉన్న పెద్ద కొండకే పోతారు. దీని మొహం చూసేవాడు లేడు. అంటే అబద్ధానికి సాక్షులూ లేరు. ప్రతి ఆదివారం బూట్లు బిగించి బయల్దేరేవాడు. కొండ కిందున్న సైకిల్ షాపు పెరట్లో పేకాటకు కూలబడేవాడు. సాయంత్రం బూట్లకు కాస్త మట్టి పూసుకుని ఇల్లు చేరేవాడు.

అప్పటికి ఆమె మంచం మీద కాళ్లు పట్టుకుని మూలుగుతూ ఉండేది.

"ఇంట్లో కూర్చునేవాళ్లకే ఈ నొప్పులన్నీ. నన్ను చూడు, అంత కొండెక్కొచ్చినా ఎలా ఉన్నానో!" అని కోతలు కోసేవాడు.

"మీకేం, అలవాటైపోయింది," అనేది ఆమె.

ఆదివారం రానే వచ్చింది. సైకిల్ షాపు ముందు తల వంచుకుని నడిచాడు. "ముక్కలు పంచేశాం, రావోయ్!" అని లోపల్నుంచి ఒక్క కేక వినిపించిందా, ఇన్నేళ్ల పరువూ గంగలో కలిసినట్టే. అదృష్టం, ఎవరూ పిలవలేదు.

"ముందు మీరు నడవండి. దారి మీకు తెలుసుగా," అంది ఆమె.

కాస్త దూరం పోగానే దారి రెండుగా చీలింది. ఎటెళ్లాలో అతనికేం తెలుసు! తెగించి కుడివైపు తిరిగాడు.

"అటు ముళ్లున్నట్టున్నాయండీ."

"అవే నీకు చూపిద్దామని!" అంటూ ఎడమకు మళ్లాడు.

పైన బండల మధ్య అతను దిక్కులు చూస్తుంటే, "ఆ సందులోంచి గాలొస్తోంది. దారి అటేనా?" అని అడిగింది.

"నేనూ అదే చెప్పబోతున్నా!"

పిచ్చిది, నోటికొచ్చింది అంటోంది, అదే నిజమైపోతోంది అనుకుని లోలోపల నవ్వుకున్నాడు.

శిఖరం చేరేసరికి అతని నాలుక బయటికొచ్చింది. చుట్టూ గడ్డి, గాలి. మనిషన్నవాడు లేడు. గండం గట్టెక్కింది! ప్రాణం లేచొచ్చినట్టయింది. దగ్గర్లో ఉన్న రాయి మీద కూలబడ్డాడు.

"ప్రతి వారం నేనొచ్చి కూర్చునేది ఇదిగో, ఈ రాయి మీదే," అన్నాడు దర్జాగా.

"అలాగా!" అంటూ ఆమె తిన్నగా పెద్ద బండ వెనక్కి వెళ్లి, పోయిన ఆదివారం తను దాచిపెట్టిన మడతకుర్చీ తెచ్చి, కింద సైకిల్ షాపు పెరడు బాగా కనిపించేవైపు తిప్పి వేసుకుని, బైనాక్యులర్స్ మెడలో తగిలించుకుంది.