మనుషులున్నట్టుండే ఇల్లు

తాళాలు బిగించడం నా పని. అడగకపోయినా సలహాలివ్వడం నా జబ్బు. "ఇంట్లో లేనప్పుడు లైటుకి టైమరు పెట్టండి, తీగ మీద నాలుగు బట్టలు ఆరేయండి. మనుషులున్నారనుకుని దొంగ దరికి రాడు," అని ఓ బడి పక్కింట్లో మూడు తాళాలు బిగిస్తూ ఆ ఇంటావిడకీ చెప్పాను.

"దొంగొస్తే రానీండి బాబాయ్, లోపలేముంది గనక? ఇవాళ వచ్చేది బడి గుమస్తా. ఆయన వీటికి పడతాడంటారా?" అందావిడ నీరసంగా.

ఈ నాలుగు వీధుల్లో కాపురముంటేనే ఆ బడిలో సీటు. ఉన్నదంతా ఊడ్చిపెడితే వచ్చింది ఈ ఒక్క గది. ఐదుగురికీ చాలక ఊరవతలే అద్దెకుంటున్నారు. ఆ సంగతి బయటపడితే పిల్ల సీటు పోతుంది.

అంతలోనే గుమస్తా రానే వచ్చాడు. "ఇక్కడే ఉంటున్నారా?"

"ఉండకపోతే మూడు తాళాలెందుకండీ?" అన్నాను నేనే అడ్డుపడి.

అతను నవ్వలేదు. వంటగట్టు దాకా వెళ్ళి స్టవ్వు మీద వేలితో రాసి చూశాడు. వేలికి చుక్క జిడ్డు అంటలేదు.

అతను కాగితం మీద సంతకం పెట్టి గొంతు తగ్గించాడు. "స్టవ్వు మరీ మెరుస్తోందమ్మా. రెండు మరకలు పడనివ్వండి. పెద్దసారు వస్తే ముందు అదే చూస్తాడు."

ఆవిడ చేతులు జోడించింది.

"మాకూ పక్క వీధిలోనే ఇల్లుందమ్మా," అన్నాడు సంచీ భుజానికి తగిలించుకుంటూ. "వస్తాను, బస్సు తప్పిపోతుంది. ఇల్లు చేరడానికి రెండు గంటలు పడుతుంది."